నీటి ఆటలతో శిశువిద్య – తెనాలి, బాపట్ల, రేపల్లె కాలువ గ్రామాల అంగన్‌వాడీలు

ప్రత్యేక వ్యాసం

కృష్ణా పశ్చిమ డెల్టాలో నడక నేర్చిన ప్రతి బిడ్డకూ ఇంటివారు మొదట చెప్పే జాగ్రత్త "నీళ్ళ దగ్గరకు పోవద్దు" అన్నదే. ఈ జాగ్రత్తకు తగిన కారణం ఉన్నది. తూర్పు కాలువ, పడమర కాలువ, నిజాంపట్నం కాలువ అనే మూడు పంట కాలువలు తెనాలి పట్టణం గుండానే పారుతున్నాయి. రేపల్లె ప్రాంత గ్రామాలకు ఒకవైపు కృష్ణా నది కరకట్ట, మరొకవైపు పంట కాలువలు, మురుగు కాలువలు, చేపల చెరువులు, రొయ్యల చెరువులు ఉన్నాయి. బాపట్లకు సమీపంలో నల్లమడ వాగు, ఆపైన సూర్యలంక సముద్రతీరం. ఇంటి గడప దాటితే నీరు కనిపించని ఊరు ఈ ప్రాంతంలో అరుదు.

మరోవైపు, 3 నుండి 6 సంవత్సరాల వయస్సు గల పిల్లలకు నీటితో సమానమైన బోధనోపకరణం మరొకటి లేదని శిశువిద్యారంగంలో పనిచేసినవారు శతాబ్దానికి పైగా చెబుతూ వస్తున్నారు. ఖర్చు లేనిది, విరిగిపోనిది, ఎంతసేపు ఆడినా పిల్లలకు విసుగు పుట్టించనిది నీరు. బిడ్డను నీటికి దూరంగా ఉంచడం, నీటితోనే బిడ్డకు నేర్పించడం అనే రెండు విషయాలు పైకి పరస్పర విరుద్ధంగా తోస్తాయి. అంగన్‌వాడీ కేంద్రంలో ఒక తొట్టి, ఒక బిందెడు నీరు, ఎదుట కూర్చున్న ఒక పెద్ద మనిషి ఉన్నట్లయితే ఈ వైరుధ్యం తొలగిపోతుంది. అది ఏ విధంగానో పాత్రికేయుల, క్షేత్రస్థాయి అధికారుల సమాచారం నిమిత్తం ఇక్కడ వివరించడమైనది.

విధానపరమైన నేపథ్యం

సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో ప్రారంభమైన విషయం విదితమే. పౌష్టికాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలతోపాటు బడికి ముందు విద్య కూడా ఈ పథకంలో తొలినుండీ భాగంగా ఉన్నది. అయితే గుడ్లు, పాలు, బరువుల నమోదుకు లభించినంత శ్రద్ధ ఆటపాటల విద్యకు చాలాకాలం లభించలేదన్నది అంగీకరించవలసిన విషయం. 2013లో జాతీయ శైశవ సంరక్షణ, విద్యా విధానం, 2020లో నూతన జాతీయ విద్యా విధానం వెలువడిన పిదప ఈ పరిస్థితి మారుతూ వచ్చింది. 2022 అక్టోబరు 20న విడుదలైన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం తన పాఠ్య లక్ష్యాలలో రెండవదిగా ఇంద్రియ గ్రహణంలో చురుకుదనాన్ని పేర్కొన్నది. చూపు, వినికిడి, స్పర్శ, రుచి, వాసనలకు పదును పెట్టడం అక్షరాలు దిద్దించడం వలెనే పాఠశాల పని అని దీని భావం. 2023 మే నెలలో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన "పోషణ్ భీ పఢాయీ భీ" కార్యక్రమం, ఆ మరుసటి సంవత్సరం వెలువడిన "ఆధారశిల" పాఠ్యప్రణాళిక అంగన్‌వాడీలకు ఇదే మార్గాన్ని నిర్దేశించాయి.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. మారియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా భారతదేశంలోనే ఉండి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. ఒక కూజాలోనుండి మరొక కూజాలోకి ఒలకకుండా పోయడం ఆమె పద్ధతిలో తొలి అభ్యాసాలలో ఒకటి. మొదట పొడి గింజలతో, చేయి కుదిరిన తరువాత నీటితో దీనిని చేయిస్తారు. అంగన్‌వాడీ అన్న మాటను ప్రచారంలోకి తెచ్చిన తారాబాయి మోదక్ మహారాష్ట్రలోని బోర్డీ, కోస్‌బాడ్ గ్రామాలలో, ఖరీదైన ఉపకరణాలకు బదులు ఆకులు, గింజలు, మట్టి, నీరు వంటి ఊరిలో దొరికే వస్తువులతో బోధన సాగించారు. కృష్ణా తీరంలో విజయవాడలో వేగే కోటేశ్వరమ్మ 1955లో మాంటిస్సోరి పాఠశాలను స్థాపించారు. ఆమెకు 2017లో పద్మశ్రీ పురస్కారం లభించింది.

నీరు నేర్పే పాఠం

మూడేళ్ళ బిడ్డ చెంబుతో నీరు ముంచి గ్లాసులో పోస్తున్నప్పుడు పరిశీలించినట్లయితే, ముందుగా కనిపించేది మణికట్టు. ఎంత వంచాలి, ఎక్కడ ఆపాలి అన్నది ఆ మణికట్టుకు తెలియదు. పదిసార్లు ఒలికిన తరువాత తెలుస్తుంది. తడిగుడ్డను పిండడం, స్పాంజిని నొక్కడం, గరాటు మూతిని వ్రేలితో మూయడం, మూతలు బిగించడం వంటివన్నీ రేపు బలపం పట్టవలసిన వ్రేళ్ళకు బలం చేకూర్చే పనులే. పలక మీద "అ" దిద్దలేక ఏడ్చే బిడ్డకు మరికొన్నాళ్ళు తడిగుడ్డ పిండే పని ఇవ్వడం తప్పేమీ కాదు.

ఇక లెక్కల విషయం. స్విట్జర్లాండుకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జీన్ పియాజే చేసిన ఒక పరీక్ష లోకప్రసిద్ధం. ఒకే కొలత నీటిని వెడల్పు గిన్నెలోనుండి పొడవాటి సన్నని గ్లాసులోకి మార్చి ఎందులో ఎక్కువ ఉన్నదని అడిగితే, సుమారు ఏడేళ్ళలోపు పిల్లలలో అధికులు గ్లాసులోనే ఎక్కువ అంటారు. వారి కన్నులు ఎత్తునే చూస్తాయి. ఇది బిడ్డ తెలివితక్కువతనం కాదు, ఆ వయస్సు స్వభావం. కనుక టీచరు "తప్పు" అని దిద్దవలసిన పని లేదు. నీటిని తిరిగి గిన్నెలో పోసి చూపి, మళ్ళీ బిడ్డ చేతికే ఇవ్వడం చాలు.

ఇక్కడ మన ఇళ్ళలో అటకెక్కిన ఒక సాధనాన్ని గుర్తుచేయడం సముచితం. దశాంశ కొలతలు అమలులోకి రాక పూర్వం ఈ ప్రాంతంలో బియ్యానికీ, పాలకూ వాడిన గిద్ద, అరసోల, సోల, తవ్వ, మానిక అనే కొలపాత్రలు ఒక్కొక్కటి తన ముందుదానికి రెట్టింపు. రెండు గిద్దలు ఒక అరసోల, రెండు అరసోలలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. రెట్టింపు, సగం అనే భావాలను చేతితో పట్టి చూపడానికి ఇంతకన్న చక్కని వరుస విద్యాసామగ్రి దుకాణాలలో దొరకడం కష్టం. తెనాలి పాత ఇళ్ళలోనూ, రేపల్లె పల్లెలలోనూ ఇటువంటి పాత్రలు ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో ఉంటాయి. ఒక అమ్మమ్మనో, నాయనమ్మనో కేంద్రానికి పిలిచి వాటితో నీరు కొలిపించినట్లయితే పిల్లలకు పాఠం, పెద్దలకు గౌరవం రెండూ సమకూరుతాయి. అయితే పాతబడి చిలుము పట్టిన ఇత్తడి పాత్రలను చింతపండుతో తోమి, కడిగిన తరువాతనే పిల్లల చేతికి ఇవ్వాలి.

అన్నింటికన్న ఎక్కువగా నీరు ఇచ్చేది భాష. నీటి చుట్టూ తెలుగులో ఉన్నన్ని క్రియలు మరే వస్తువు చుట్టూ ఉన్నాయో చెప్పడం కష్టం. నిండిన చెంబు తొణుకుతుంది, వంచితే ఒలుకుతుంది, ఎక్కువైతే పొర్లుతుంది. చిల్లి ఉంటే కారుతుంది, చేతితో కొడితే చిందుతుంది, గొట్టంతో ఊదితే చిమ్ముతుంది, మట్టిలో పోస్తే ఇంకుతుంది, గుంట తవ్వితే ఊరుతుంది. చుక్క, ధార, జల్లు, తుంపర, తడి, చెమ్మ – ఈ ఆరింటి మధ్య తేడా పుస్తకంలో చదివి తెలుసుకునేది కాదు. సీసా మునిగేటప్పుడు బుడబుడమని, పళ్ళెం మీద పడేటప్పుడు టపటపమని వినిపించే చప్పుళ్ళను పిల్లలు వెంటనే అనుకరిస్తారు. టీచరు మౌనంగా కూర్చున్నట్లయితే ఇది ఉత్త ఆట. ఆ క్షణంలో ఆ మాట అందించినట్లయితే అదే వాచక పాఠం. "నీళ్ళు ఏమైనాయి?" అన్న ప్రశ్నకు "ఒలికినాయి" అని ఒక బిడ్డ, "కారినాయి" అని మరొక బిడ్డ చెప్పినప్పుడు, రెండింటికీ తేడా ఏమిటని వారినే అడగడం మంచి పద్ధతి.

తేలేవి, మునిగేవి

ఈ ఆట పిల్లలందరికీ ప్రియమైనది. డెల్టా గ్రామాలలో దీనికి కావలసిన వస్తువులు ప్లాస్టిక్ బొమ్మల రూపంలో కొనవలసిన అవసరం లేదు. కాలువలను పూడ్చివేస్తున్న గుర్రపుడెక్కతో రైతులకూ, నీటిపారుదల సిబ్బందికీ ఎంత ఇబ్బంది ఉన్నప్పటికీ, తొట్టిలో మాత్రం అది మంచి పాఠం. ఉబ్బిన దాని కాడను పెద్దవారు కోసి చూపితే లోపల స్పాంజివంటి గాలి గదులు కనిపిస్తాయి. తేలడానికి కారణం పిల్లల కంటికే తెలుస్తుంది. కాడను పెద్దలే తెచ్చి మంచినీటితో కడిగి ఇవ్వాలన్నదీ, దానికోసం పిల్లలను కాలువగట్టుకు పంపకూడదన్నదీ వేరే చెప్పనవసరం లేదు.

స్టీలు చెంచా మునుగుతుంది. స్టీలు గిన్నె తేలుతుంది. రెండూ స్టీలే కదా అన్న ప్రశ్న అయిదేళ్ళ బిడ్డను చాలాసేపు నిలబెడుతుంది. కొబ్బరిచిప్ప వెల్లకిలా తేలుతుంది, లోపల నీరు నిండితే అడుగుకు చేరుతుంది. తామరాకు మీద నీటిబొట్టు ముత్యంలా దొర్లుతుంది, అరటాకు మీద తీరు వేరు, గుడ్డ మీద నిలవదు. కాగితపు పడవల సంగతి తెలియనివారు లేరు.

బాపట్ల తీరగ్రామాలలో ఉప్పునీరు, మంచినీరు తేడాను చూపాలనుకునే టీచర్లకు ఒక సూచన. గుడ్డు సముద్రపు నీటిలో తేలుతుందని కొందరు చెబుతారు. తాజా గుడ్డు సముద్రపు నీటిలో కూడా మునుగుతుంది. అది తేలడానికి సముద్రపు నీటికన్న చిక్కని ఉప్పునీరు కావాలి. కనుక గ్లాసు నీటిలో చెంచా తరువాత చెంచాగా ఉప్పు కలుపుతూ, గుడ్డు ఎప్పుడు పైకి లేస్తుందో పిల్లలతో లెక్కపెట్టించడం ఉత్తమం. పచ్చిగుడ్డును టీచరే పట్టుకుని, ఆట ముగిసిన వెంటనే కడిగి వంటకు పంపాలి. ఏ ప్రయోగమైనా ముందురోజు ఒకసారి తాము చేసి చూచుకోవడం టీచర్లకు శ్రేయస్కరం.

ప్రత్యేక అవసరాలు గల పిల్లలు

కొందరు పిల్లలు తడి తగిలితే చేయి వెనుకకు లాక్కుంటారు. మరికొందరు నీటిని వదలి రారు. ఈ రెండు లక్షణాలూ ఒక్కొక్కప్పుడు ఇంద్రియ స్పందనలలోని తేడాలకు సూచన కావచ్చును. కానీ కేవలం వీటి ఆధారంగా ఏ బిడ్డకూ పేరు పెట్టరాదు. చేయి ముంచడానికి ఇష్టపడని బిడ్డకు మొదట పొడి గింజలు, తరువాత తడి స్పాంజి, చివరకు నీరు అనే క్రమం సాధారణంగా నప్పుతుంది. బలవంతం పనికిరాదు. అనుమానం కలిగిన సందర్భాలలో 2013 నుండి అమలులో ఉన్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య బృందానికి చూపించడం, సమగ్ర శిక్ష ఆధ్వర్యంలోని భవిత కేంద్రాన్ని సంప్రదించడం మంచిది. నీటి ఆట ఇటువంటి పిల్లలకు ఊరట కలిగించవచ్చును గాని, అది చికిత్సకు ప్రత్యామ్నాయం కాదు.

భద్రతే ప్రధానం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది నీట మునిగి మరణించారు. వీరిలో దాదాపు నాలుగవ వంతు అయిదేళ్ళలోపు పిల్లలు. మునిగే పసిబిడ్డ కేకలు వేయడు. ఎక్కువ సందర్భాలలో చప్పుడే వినిపించదు. తల్లిదండ్రులు పొలం పనికి వెళ్ళిన వేళ, ఇంటిలోనివారు వంటలో ఉన్న వేళ, ఇంటికి కొద్ది దూరంలోనే ఇటువంటి ప్రమాదాలు జరుగుతుంటాయి. ఈ కారణం చేతనే, బడి ఈడు రాని పిల్లలకు నీటికి దూరంగా పెద్దల పర్యవేక్షణ గల సంరక్షణ స్థలం కల్పించడాన్ని ఆ సంస్థ ముఖ్య నివారణ చర్యలలో ఒకటిగా సిఫారసు చేసింది. మన డెల్టా వలెనే నదులు, చెరువుల నడుమ గ్రామాలున్న బంగ్లాదేశ్‌లో "ఆంచల్" అనే పేరుతో నడుస్తున్న గ్రామ శిశు సంరక్షణ కేంద్రాలు ఈ విషయంలో మంచి ఫలితాలు చూపాయి.

దీనిని బట్టి తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలలోని అంగన్‌వాడీ కేంద్రం కేవలం పౌష్టికాహార కేంద్రం కాదు. ఆ కొన్ని గంటలపాటు కాలువ నుండి బిడ్డను కాపాడే స్థలం కూడా. బిడ్డ ఉదయం లేచి తానే కేంద్రానికి పోదామని మారాం చేసే స్థితి ఉన్నట్లయితే ఆ రక్షణ ప్రతిదినం లభిస్తుంది. పిల్లలను అలా రప్పించగల ఆటలలో నీటి ఆట ముందు వరుసలోనిది. నీరు ఒలకబోసి నేల పాడుచేసే అల్లరిగా దీనిని చూసే తనిఖీ అధికారులు ఈ కోణాన్ని కూడా గమనించవలసి ఉన్నది.

నీటితో ఆడించినట్లయితే బిడ్డకు కాలువ పట్ల భయం పోదా అన్న సందేహం తల్లులు వ్యక్తం చేయడం సహజం. ఈ సందేహాన్ని తేలికగా తీసివేయరాదు. కనుక ఆటతోపాటే ఒక నియమాన్ని కూడా అలవాటు చేయాలి. టీచరో, ఆయానో తొట్టి ప్రక్కన కూర్చున్న తరువాతనే ఆట మొదలవుతుంది, వారు లేచినట్లయితే ఆట ఆగిపోతుంది. "పెద్దవాళ్ళు లేకపోతే నీళ్ళు లేవు" అన్న మాట ప్రతిసారీ పిల్లల చేత చెప్పించవచ్చును.

అడుగున్నర వెడల్పు గల తొట్టిలో నాలుగు వ్రేళ్ళ లోతుకు సుమారు 11 లీటర్ల నీరు సరిపోతుంది. అంటే ఒక బిందె. నలుగురు పిల్లలకు అది చాలు. ఆ కొద్ది లోతులో కూడా పసిబిడ్డకు ప్రమాదం జరిగే అవకాశం ఉన్నందున, పర్యవేక్షించే వ్యక్తి చేయి చాపితే బిడ్డ అందేంత దగ్గరలో ఉండాలి. ఆ సమయంలో ఫోనులో వివరాలు నమోదు చేయడం, పొయ్యి వద్దకు వెళ్ళడం పనికిరాదు. మిగిలిన పిల్లలను చూసుకునే రెండవ మనిషి లేని రోజున ఈ ఆట పెట్టకపోవడమే మంచిది. నోటిలో పట్టేంత చిన్న గింజలు, గోళీలు, సీసా మూతలు మూడేళ్ళలోపు పిల్లలకు అందకుండా చూడాలి. నున్నని గచ్చు మీద గోనెసంచి పరచాలి. కరెంటు మోటారు, తీగలు ఉన్న చోటికి దూరంగా, ఎండ తగలని వసారాలో తొట్టి ఉంచాలి. జలుబు, విరేచనాలు, చర్మంపై పుండ్లు ఉన్న పిల్లలను ఆ రోజుకు మరో ఆటకు పంపాలి. ఆటకు ముందూ తరువాతా సబ్బుతో చేతులు కడిగించాలి.

ఆట ముగిసిన వెంటనే తొట్టిని పూర్తిగా ఖాళీ చేసి బోర్లించాలి. నిలువ నీటిలోనే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. శుక్రవారం డ్రై డే నాడు ఊరంతా తొట్లు బోర్లించమని చెప్పే కేంద్రంలోనే తొట్టి నిండి ఉండడం శోభించదు.

నీటి లభ్యత, వరదలు

ఆటకు వాడే నీరు తాగేందుకు పనికివచ్చేదై ఉండాలి. పిల్లల చేతులు నోటిలోకి వెళ్ళకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. రేపల్లె, నిజాంపట్నం తీరగ్రామాలలో భూగర్భజలం ఉప్పుగా ఉండడం వలన, కాలువ నీటితో నింపుకున్న చెరువులే తాగునీటికి ఆధారం. వేసవిలో కాలువలు కట్టిన తరువాత ఆ చెరువుల నీటిని పొదుపుగా వాడుకోవలసి వస్తుంది. అటువంటి రోజులలో తొట్టిలో నీటికి బదులు కడిగి ఆరబెట్టిన ఇసుకో, వడ్లో పోసి అవే గరాట్లు, అవే కొలపాత్రలు ఇవ్వవచ్చును. బిందెల కోసం తల్లులు వరుసలో నిలబడిన ఊరిలో నీళ్ళు చల్లి ఆడించడం తగదు. మామూలు రోజులలో ఆడిన నీటిని కేంద్రం పెరటిలోని కూరపాదులకు పిల్లల చేతనే పోయించినట్లయితే అది కూడా ఆటలో భాగమే అవుతుంది.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. 2024 సెప్టెంబరు తొలి రోజులలో ప్రకాశం బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులకు పైబడి రికార్డు స్థాయిలో ప్రవాహం నమోదై, దిగువన లంక గ్రామాలు ముంపునకు గురయ్యాయి. ఇటువంటి విపత్తుల తరువాత ఆవరణలో నిలిచిన నీటిలో పిల్లలను ఏ పరిస్థితిలోనూ ఆడనీయరాదు. ఆ నీటిలో మురుగు, విషపురుగులు, తెగిన విద్యుత్ తీగల ప్రమాదం ఉంటుంది. బావులు, ట్యాంకులు క్లోరినేషన్ జరిగి, నీరు సురక్షితమని ధ్రువీకరించిన తరువాతనే తొట్టిని తిరిగి బయటకు తీయాలి. వరదను కన్నులారా చూసిన పిల్లలలో కొందరు నీటిని చూసి జంకడం, మరికొందరు తొట్టిలో బొమ్మ ఇళ్ళను ముంచి ఆడడం చేయవచ్చును. వారిని వారించనక్కరలేదు. పక్కన కూర్చుని, వారు చెప్పదలచింది చెప్పనివ్వాలి.

జూలై 25వ తేదీని ప్రపంచ నీటి ముంపు ప్రమాదాల నివారణ దినంగా ఐక్యరాజ్య సమితి సాధారణ సభ 2021లో ప్రకటించింది. మన డెల్టా కాలువలు సాధారణంగా నిండుగా పారే కాలమది. ఆ సందర్భంగా కేంద్రాలను సందర్శించే పాత్రికేయ మిత్రులకు ఒక విజ్ఞప్తి. పిల్లల ఛాయాచిత్రాలకు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవలసిందిగానూ, దృశ్యం బాగుంటుందన్న ఉద్దేశంతో పిల్లలను కాలువగట్టుకో, రేవు మెట్ల మీదకో తీసుకువెళ్ళి నిలబెట్టవద్దనీ కోరడమైనది. తొట్టి చుట్టూ కూర్చున్న నలుగురు పిల్లలు, వారి చేతులు, ప్రక్కనే టీచరు ఒకే చట్రంలో కనిపించే చిత్రం ఈ విషయానికి సరిపోతుంది.